7,500 గంటల లెక్క

2022 ఆగస్టులో ఒక ఇంటర్వ్యూకి వెళ్లాను. బిజినెస్ అనలిస్టుగా, అంటే క్లయింట్‌కి ఏం కావాలో తెలుసుకుని సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు చెప్పే పనిలో, అప్పటికి నాకు తొమ్మిదేళ్ల సర్వీసు. అంతకు ముందు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హైదరాబాద్‌లోనే రెండు కంపెనీలు మారాను. నాలుగు పేజీల రెజ్యూమె పట్టుకుని ధైర్యంగానే వెళ్లాను.

ప్యానెల్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. రెజ్యూమె మొత్తం ఓపిగ్గా చదివి పక్కన పెట్టి ఒక్కటే ప్రశ్న అడిగారు. "ఇన్నేళ్లలో క్లయింట్ అడిగిన పని ఏదైనా, ఇది మీకు అక్కర్లేదండీ అని చెప్పి ఆపించారా?"

ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఎన్ని డాక్యుమెంట్లు రాశానో చెప్పాను. సైన్-ఆఫ్‌లు, అంటే క్లయింట్ ఆమోదాలు, ఎప్పుడూ ఆలస్యం కానివ్వలేదని చెప్పాను. ఆవిడ మర్యాదగా తలూపారు. ఉద్యోగం రాలేదు. అంతకన్నా, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. గచ్చిబౌలి నుంచి మియాపూర్ ఇంటికి వెళ్లే దారంతా అదే తిరిగింది. అడిగినవాళ్లు అడిగింది రాసుకొచ్చి డెవలపర్లకు అందించడమే తొమ్మిదేళ్లు చేశానా? ఇదేనా ఈ వృత్తి?

నేను బీఏ, అంటే బిజినెస్ అనలిస్ట్, అయిన తీరు చెప్పాలి. మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవారు. నేను ఎంసీఏ చదివి టెస్టర్‌గా చేరాను. 2013లో మా టీమ్‌లో బీఏ మానేసి వెళ్లిపోతే, ఇంగ్లిష్ బాగా రాస్తానని ఆ పని నాకు ఇచ్చారు. శిక్షణ లేదు. పాతాయన వదిలి వెళ్లిన టెంప్లేట్లే నాకు గురువులు. నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో చాలామంది. కొందరు అమీర్‌పేటలో నెలన్నర కోర్సు చేసి వస్తారు, అక్కడా చెప్పేది ఎక్కువగా టెంప్లేట్లే. తప్పు నేర్పేవాళ్లది కాదు, మార్కెట్ అడిగేది అదే. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 చట్టం కింద ఒక సంస్థ ఉంది. అది పరీక్ష పెట్టి, ఆర్టికల్‌షిప్ అనే పని శిక్షణ చేయించి, ఆ తర్వాతే సభ్యత్వం ఇస్తుంది. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉంది. బీఏకి అలాంటి చట్టం ఏదీ లేదు. ఎవరైనా విజిటింగ్ కార్డు మీద బిజినెస్ అనలిస్ట్ అని వేయించుకోవచ్చు. అందుకే నేను చేసేది బాగుందో బాగోలేదో చెప్పేవాళ్లు నాకు తొమ్మిదేళ్లు ఎవరూ దొరకలేదు. అప్రైజల్‌లో మేనేజర్ చెప్పేది ప్రాజెక్ట్ టైమ్‌కి అయిందా లేదా అన్నదే.

ఆ ఇంటర్వ్యూ గురించి పాత సహోద్యోగి ఒకరితో చెప్పుకున్నాను. ఆయన నాకన్నా ఎనిమిదేళ్లు సీనియర్, విశాఖ ఆయన. "మీరు ఐఐబీఏ ఎప్పుడైనా చూశారా అండీ?" అన్నారు. పేరు విన్నాను కానీ, సర్టిఫికెట్ అమ్ముకునే సంస్థల్లో ఇదొకటి అనుకునేదాన్ని. ఆయన ఊరుకోలేదు. "సర్టిఫికెట్ సంగతి తర్వాత. ముందు అప్లికేషన్‌లో ఏమడుగుతారో చదవండి. కట్టినా కట్టకపోయినా అది ఒకసారి నింపి చూడండి" అన్నారు.

ఐఐబీఏ అంటే బిజినెస్ అనాలిసిస్ వాళ్ల అంతర్జాతీయ సంస్థ. 2003లో కెనడాలోని టొరంటోలో మొదలైంది. లాభాపేక్ష లేని సంస్థ. ఈ పని చేసేవాళ్లు స్వచ్ఛందంగా కూర్చుని రాసుకున్న గైడ్ ఒకటి ఉంది, అందరూ బాబాక్ అంటారు. ఇప్పుడు నడుస్తున్న మూడో వెర్షన్ 2015లో వచ్చింది. అనుభవాన్ని బట్టి సర్టిఫికెట్లు ఉన్నాయి. కొత్తవాళ్లకు ఈసీబీఏ, మధ్యలో సీసీబీఏ, సీనియర్లకు సీబీఏపీ. ఇదొక్కటే సంస్థ అని కాదు. ప్రాజెక్ట్ మేనేజర్ల సంస్థ పీఎంఐ కూడా 2014లో బీఏల కోసం పీఎంఐ-పీబీఏ అనే పరీక్ష తెచ్చింది. ఆ సంస్థకు హైదరాబాద్‌లో పెర్ల్ సిటీ చాప్టర్ అనే శాఖ ఎప్పటినుంచో ఉంది. బ్రిటన్‌లో ఉద్యోగం చూసుకునేవాళ్లు అక్కడి కంప్యూటర్ వృత్తి సంస్థ బీసీఎస్ ఇచ్చే డిప్లొమా వైపు వెళ్తారు. నేను ఐఐబీఏ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే. అది బీఏల కోసమే పుట్టింది, వాళ్లకు వేరే పని లేదు.

సీబీఏపీకి కావాల్సిన అర్హతలు చదివాను. గత పదేళ్లలో 7,500 గంటల బిజినెస్ అనాలిసిస్ పని. అందులో బాబాక్ చెప్పే ఆరు విభాగాల్లో కనీసం నాలుగింట ఒక్కోదానిలో 900 గంటలు. గత నాలుగేళ్లలో 35 గంటల శిక్షణ. మనల్ని ఎరిగిన ఇద్దరి సాక్ష్యం. ఒక నియమావళికి ఒప్పుకుని సంతకం. ఆ తర్వాతే పరీక్ష.

7,500 అంటే నాకు నవ్వులాటగా అనిపించింది. ఏడాదికి 1,800 గంటల చొప్పున తొమ్మిదేళ్లు వేసుకున్నా పదహారు వేలు దాటుతుంది కదా! ఒక శనివారం మధ్యాహ్నం ఎక్సెల్ తెరిచి కూర్చున్నాను. రెండు గంటల్లో అయిపోతుందనుకున్న పని ఐదు వారాలు పట్టింది.

ఎందుకంటే అన్ని గంటలూ లెక్కలోకి రావు. టెస్టింగ్ చేసిన గంటలు రావు. ప్రాజెక్ట్ మేనేజర్ లీవ్ పెడితే వాళ్ల ప్లాన్లు అప్‌డేట్ చేసిన గంటలు రావు. యూజర్లకు ట్రైనింగ్ ఇచ్చిన గంటలు, స్టేటస్ మీటింగుల్లో మినిట్స్ రాసిన గంటలు, క్లయింట్‌కి ప్రెజెంటేషన్ అందంగా చేసిపెట్టిన గంటలు, ఏవీ రావు. పాత మెయిళ్లు, క్యాలెండర్, టైమ్‌షీట్లు తవ్వుకుంటూ ఒక్కో ప్రాజెక్ట్ రాసుకున్నాను. నిజాయితీగా గీసి కొట్టేసుకుంటూ పోతే పదహారు వేలు ఎనిమిది వేలకు దిగింది. సగం జీతం దేనికి తీసుకున్నానో ఆ కాగితం చూపించింది.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ 8,000 గంటల్ని ఆరు విభాగాలకు పంచాలి. రిక్వైర్‌మెంట్లు (క్లయింట్ అవసరాలు) విశ్లేషించి డిజైన్ నిర్వచించడం, 3,900. వాటిని మొదలు నుంచి చివరిదాకా చూసుకోవడం, మార్పులు, ఆమోదాలు, 1,650. మనుషుల్ని అడిగి తెలుసుకోవడం, 1,480. బీఏ పనిని ముందుగా ప్లాన్ చేసుకోవడం, 620. కట్టిన సిస్టమ్ నిజంగా పనికొస్తోందా అని తర్వాత కొలిచి చూడటం, 240. అసలు ఈ మార్పు ఎందుకు, సమస్య ఏమిటి, ఏ దారిలో వెళ్లాలి అని మొదట్లోనే ఆలోచించే స్ట్రాటజీ విభాగం, 110.

తొమ్మిదేళ్లలో నూట పది గంటలు! ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు జవాబు నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంది. ఎందుకు అన్నచోట నేను ఎప్పుడూ లేను. అన్నీ నిర్ణయమైపోయాక పిలిస్తే వెళ్లి రాసుకొచ్చాను.

నాలుగో విభాగంలో 900 లేవు కాబట్టి అప్లై చేయడానికి కూడా నాకు అర్హత లేదు. ఆ రాత్రి ఏడ్చాను, దాచడం ఎందుకు. మా ఆయన లెక్క చూసి, "620ని 900 చేస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు, నా బాధ చూడలేక. కొన్ని అప్లికేషన్లను ఆడిట్‌కి తీస్తారన్నది నిజమే కానీ నన్ను ఆపింది ఆ భయం కాదు. ఐదు వారాలు కూర్చుని మొదటిసారి నా పని గురించి నిజం తెలుసుకున్నాను. దాన్ని మళ్లీ అబద్ధం చేయబుద్ధి కాలేదు.

2023 జనవరిలో సభ్యత్వం కట్టాను. సభ్యులకు బాబాక్ పీడీఎఫ్ ఉచితం, పరీక్ష ఫీజులో తగ్గింపు ఉంటుంది. ఆ నెలలోనే ఆఫీసులో కొత్త ప్రాజెక్ట్ మొదలవుతుంటే మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఈసారి బీఏ ప్లాన్ నన్ను చేయనివ్వమని అడిగాను. ఎవరెవరితో మాట్లాడాలి, నిర్ణయం ఎవరిది, మార్పు వస్తే ఎవరు ఒప్పుకోవాలి, ఇవన్నీ మొదటి రోజే కాగితం మీద పెట్టే పని. అంతవరకు అది ఎవరూ చేసేవారు కాదు, పేచీ వచ్చినప్పుడు చూసుకునేవాళ్లం. ఏడు నెలల్లో ఆ కొరత పూడింది. ఆ ఏడు నెలల్లో పేచీలు కూడా బాగా తగ్గాయి. దానికి మాత్రం గంటల లెక్క లేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు సభ్యత్వం సంగతి నాన్నకు చెప్పాను. బిజినెస్ అనలిస్ట్ అంటే ఏమిటో నాన్నకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. సంఘం అనగానే మాత్రం నిటారుగా కూర్చున్నారు. చేనేత సహకార సంఘంలో ముప్పై ఏళ్లు సభ్యుడాయన.

"నూలు ఇస్తారా?"

"ఇవ్వరు నాన్నా."

"మజూరీ ఇప్పిస్తారా?"

"అదీ లేదు."

"పొదుపు ఫండు?"

"లేదు."

"మరి దేనికమ్మా డబ్బు కట్టావు?"

నాకు వెంటనే చెప్పడం రాలేదు. వాళ్లొక పుస్తకం రాశారు, పని ఎలా చేయాలో అందులో ఉంటుంది, మన పని సరిగ్గా ఉందో లేదో వాళ్లు చూస్తారు అన్నాను. నాన్న కాసేపు ఊరుకుని, సంఘంలో చీర కొలిచి చూసే ఆయన గురించి చెప్పారు. చీర తెచ్చిస్తే దీపం దగ్గర పెట్టి చూసేవాడట. పేక వదులుగా పడినా, అంచు కలవకపోయినా మజూరీలో కోత. "నా పెళ్లయిన కొత్తలో ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. కానీ చెయ్యి కుదిరింది ఆయన దగ్గరే. ఆప్కో వాళ్లు వచ్చి చూసినా నా చీరకి వంక పెట్టలేకపోయారు." అంతే చెప్పి టీ తాగడానికి లేచి వెళ్లారు.

ఫిబ్రవరి నుంచి స్టడీ గ్రూప్‌లో చేరాను. దేశంలోని ఐఐబీఏ చాప్టర్లలో వాలంటీర్లు నడిపేది. ప్రతి శనివారం ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు ఆన్‌లైన్‌లో. పుణె, చెన్నై, బెంగళూరు వాళ్లు, మన ఊరి నుంచి నలుగురం. నడిపే ముగ్గురికీ ఒక్క రూపాయి రాదు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని చూసుకుంటూ వారానికి ఆరేడు గంటలు దీనికి పెట్టేవారు. ఈ వృత్తిలో నాకు నిజంగా అన్నలూ అక్కలూ దొరికింది అక్కడే. నా మేనేజర్‌తో అడగలేనివి, నా జూనియర్ల ముందు తెలియదని చెప్పుకోలేనివి, అక్కడ ధైర్యంగా అడిగేదాన్ని.

బాబాక్ చదవడం తేలిక కాదు. ఆరు విభాగాలు, ముప్పై పనులు, యాభై పద్ధతులు. ఒక్కో వాక్యం రాయిలా ఉంటుంది. మొదటి నెల రోజూ పది పేజీలు చదివి పదకొండో పేజీకి మర్చిపోయేదాన్ని. మా గ్రూప్‌లో చెన్నై అక్క ఒకావిడ దారి చూపించారు. ప్రతి పదాన్నీ మీ ఇంట్లో వాళ్లకు వాళ్ల భాషలో చెప్పి చూడండి, చెప్పలేకపోతే మీకు రానట్టే అన్నారు. వెరిఫై చేయడానికీ వాలిడేట్ చేయడానికీ తేడా ఎన్నిసార్లు చదివినా తారుమారయ్యేది. నాన్నకు ఫోన్ చేసి చెప్పాలని కూర్చుంటే అప్పుడు తట్టింది. నేత గట్టిగా ఉందా, పోగులు తెగలేదా, కొలత సరిపోయిందా అని చూడటం వెరిఫై. ఆ అంచు, ఆ రంగు అడిగిన మనిషికి అదేనా కావాల్సింది అని చూడటం వాలిడేట్. నేత అద్భుతంగా ఉండి, పెళ్లికూతురు ఎర్రంచు అడిగితే పచ్చంచు నేసి ఉండొచ్చు. నేను తొమ్మిదేళ్లూ నేతే చూసుకున్నాను. ఎవరికి, ఎందుకు అని చూడలేదు. ఆ పోలిక తర్వాతి శనివారం గ్రూప్‌లో చెప్తే పుణె ఆయన తన నోట్సులో రాసుకున్నారు.

ఆగస్టులో అప్లికేషన్ పెట్టాను. ఇద్దరి సాక్ష్యం కావాలన్నాను కదా, అక్కడొక చేదు అనుభవం. పాత కంపెనీలో నాలుగేళ్లు పనిచేయించుకున్న మేనేజర్‌ని అడిగితే, "ఇవన్నీ ఎందుకమ్మా, ఇప్పుడు వేరే ఉద్యోగం చూసుకుంటున్నావా?" అని మూడు వారాలు తిప్పి, చివరికి కుదరదన్నారు. నా పనిలో లోపం చూపించి కాదన్నా బాధపడేదాన్ని కాదు. చివరికి ఒక పాత క్లయింట్ వైపు ఆవిడ, నా విశాఖ సీనియర్ సాక్ష్యం ఇచ్చారు. సీనియర్ అప్పటికే సీబీఏపీ కావడం కలిసొచ్చింది. ఇప్పుడు అప్లై చేసేవాళ్లకు నేను చెప్పేది, కంపెనీ మారేటప్పుడే అడిగి పెట్టుకోండి. ఐదేళ్ల తర్వాత ఎవరు ఎక్కడుంటారో, ఏ మనసుతో ఉంటారో తెలియదు.

అప్లికేషన్ ఆమోదం పొందాక పరీక్షకు ఏడాది గడువు ఉంటుంది. నవంబరులో రాశాను. 120 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ఇంట్లోంచే, కెమెరా ముందు. టేబుల్ ఖాళీ చేసి, గది నాలుగు మూలలూ చూపించాలి. పాపను పక్కింటి వాళ్ల దగ్గర పెట్టాం, కుక్కర్ విజిల్ కూడా వేయలేదు. టెన్షన్‌తో మొదటి పది ప్రశ్నలు రెండేసి సార్లు చదివినా ఎక్కలేదు.

ఫెయిలయ్యాను. స్క్రీన్ మీద అక్కడికక్కడే వచ్చేసింది. మార్కులు చెప్పరు, ఏ విభాగంలో ఎలా చేశామో మాత్రం తెలుస్తుంది. స్ట్రాటజీలోనూ, కట్టాక కొలిచి చూసే విభాగంలోనూ బాగా వెనకబడ్డాను. గంటల లెక్కలో ఎక్కడ ఖాళీ ఉందో సరిగ్గా అక్కడే. అనుభవం లేనిచోట కంఠస్థం నన్ను నిలబెట్టలేదు.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయట చెప్పబోమని మాట ఇచ్చాం, చెప్పను. గ్రూప్‌లో మేం సొంతంగా తయారు చేసుకున్నది ఒకటి చెబుతాను. ఒక డైరెక్టర్ వచ్చి, శుక్రవారంలోగా నాకొక కొత్త రిపోర్ట్ కావాలి, కాలమ్స్ ఇవీ అంటాడు. బీఏ ముందు చేయాల్సింది ఏమిటి? కాలమ్స్ సరిగ్గా రాసుకోవడమా, డెవలపర్‌ని ఎన్ని రోజులు పడుతుందని అడగడమా, వేరే విభాగాల ఆమోదం తీసుకోవడమా, ఆ రిపోర్ట్ చూసి ఆయన తీసుకోబోయే నిర్ణయం ఏమిటో తెలుసుకోవడమా? జవాబు చివరిదని చదివితే అందరికీ తెలుస్తుంది. కానీ గడియారం నడుస్తుంటే నా చెయ్యి మొదటిదాని మీదకే పోయేది. తొమ్మిదేళ్ల అలవాటు అది.

ఫెయిలయిన సంగతి ఆ శనివారం గ్రూప్‌లో చెప్పాను. మౌనంగా తప్పుకుందామనే అనుకున్నాను నిజానికి. గ్రూప్ నడిపే ముగ్గురిలో ఒకరు, తనూ మొదటిసారి పోగొట్టుకున్నానని అందరి ముందూ చెప్పారు. తర్వాత నెలన్నర పాటు బుధవారం రాత్రుళ్లు గంటసేపు నాకోసం విడిగా కూర్చున్నారు. పుస్తకం తెరవనివ్వలేదు. నేను చేసిన పాత ప్రాజెక్టులు ఒక్కొక్కటే తీసి, "ఇది ఎందుకు మొదలుపెట్టారు? ఎవరికి నష్టం జరుగుతోంది? కట్టాక ఆ నష్టం తగ్గిందా? మీరు చూశారా?" అని అడిగేవారు. చాలావాటికి నా దగ్గర జవాబు లేదు. తెలుసుకోవడానికి పాత క్లయింట్లకు మెయిళ్లు రాశాను. ఒక ప్రాజెక్ట్‌లో ఎనిమిది నెలలు కష్టపడి కట్టిన మాడ్యూల్ ఆర్నెల్లు కూడా వాడలేదని అప్పుడే తెలిసింది.

2024 మార్చిలో మళ్లీ ఫీజు కట్టి రాశాను. పాసయ్యాను.

ఆఫీసులో ఏం మారిందంటారా? జీతం పెరగలేదు. ఫీజు డబ్బులు కంపెనీ తిరిగి ఇవ్వలేదు. పాలసీలో ఆ సర్టిఫికెట్ లేదన్నారు. ఈ విషయంలో ఎవరికీ ఆశలు పెట్టను. హైదరాబాద్‌లో ఉద్యోగ ప్రకటనల్లో సీబీఏపీ ఉంటే మంచిది అని రాసేవాళ్లు ఉన్నారు, తప్పనిసరి అనేవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. నాలుగేళ్ల అనుభవం ఉన్న పిల్లలకు ఆ ఫీజులు భారమే. సభ్యత్వం, శిక్షణ, అప్లికేషన్, పరీక్ష, మూడేళ్లకోసారి పునరుద్ధరణ, అన్నీ కలిస్తే నెల ఇంటద్దెకన్నా ఎక్కువ. చాప్టర్లు కూడా వాలంటీర్ల మీదే నడుస్తాయి కాబట్టి ఒక ఏడాది చురుగ్గా ఉన్నది మరుసటి ఏడాది నిద్రపోతుంది. ఇవి నిజమైన లోపాలు. సంస్థలో ఉన్నవాళ్లే వీటి గురించి గట్టిగా మాట్లాడాలి, నేనూ మాట్లాడుతున్నాను.

మారింది వేరే. 2024 మే 29న ఆరోగ్య బీమా మీద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ వచ్చింది. మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది ఆ ఆఫీసు. క్యాష్‌లెస్ చికిత్స కోరితే బీమా కంపెనీ గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జ్ సమయంలో ఆస్పత్రి నుంచి అభ్యర్థన అందాక మూడు గంటల్లో తుది ఆమోదం ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆస్పత్రి అదనంగా ఏదైనా వసూలు చేస్తే అది బీమా కంపెనీయే భరించాలి. ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో పెట్టినవాళ్లకు ఆ మూడు గంటల విలువ తెలుసు. డాక్టర్ పొద్దున పదింటికే వెళ్లొచ్చంటే, బీమా ఆమోదం కోసం సాయంత్రం దాకా బెడ్ మీదే కూర్చుంటారు పేషెంట్లు.

మేం అప్పుడు ఒక బీమా కంపెనీకి పనిచేస్తున్నాం. వాళ్ల ఆపరేషన్స్ హెడ్ వెంటనే మీటింగ్ పెట్టి ఒక డ్యాష్‌బోర్డ్ కావాలన్నారు. పెండింగ్‌లో ఉన్న ప్రతి ఫైలుకూ గడియారం, రెండు గంటలు దాటితే ఎర్రరంగు. ఆరు వారాల పని. మా టీమ్‌లో అందరూ తలూపారు. పాత నేనైతే ఆ మధ్యాహ్నమే ఎరుపు ఏ ఎరుపు అని అడుగుతూ రాయడం మొదలుపెట్టేదాన్ని. ఈసారి నాలుగు రోజులు టైమ్ అడిగాను. ఏం రాయనని, కూర్చుని చూస్తానని చెప్పాను.

రెండు రోజులు ఒక ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్ పక్కన, రెండు రోజులు ఫైళ్లు పరిశీలించే గదిలో కూర్చున్నాను. బాబాక్‌లోని యాభై పద్ధతుల్లో ఇదొకటి, పరిశీలన. పేరుకు చిన్నదే. ఆ గదిలో ఎవరూ ఖాళీగా లేరు, ఎవరూ గడియారం మర్చిపోలేదు. ఫైలు వెనక్కి ముందుకీ తిరగడంలో పోతోంది సమయం. బిల్లు చూసే ఆయన మందుల విడి లెక్క లేదని వెనక్కి పంపుతారు. అది వచ్చాక డాక్టర్ చూసి డిశ్చార్జ్ సమ్మరీలో ఒక వివరం లేదని మళ్లీ పంపుతారు. అది వచ్చాక ఇంప్లాంట్ స్టిక్కర్ అడుగుతారు. ఒక్కో ప్రశ్నకూ ఆస్పత్రి అమ్మాయి లిఫ్టు ఎక్కి వార్డుకు వెళ్లి రావాలి. పాత ఫైళ్లు నలభై తీయించి చూస్తే సగానికి పైగా రెండుసార్లు, అంతకన్నా ఎక్కువ వెనక్కి వెళ్లినవే.

మీటింగ్‌లో ఆ నలభై ఫైళ్ల ప్రయాణం ఒక్క కాగితం మీద గీసి పెట్టాను. ఆస్పత్రి ఫైలు పంపేటప్పుడే ఏమేం ఉండాలో ఆ చికిత్సను బట్టి చూపించే జాబితా ఒకటి, బిల్లు చూసేవాళ్లూ డాక్టరూ ఒకేసారి చూసి ఒక్కసారే అడిగే పద్ధతి ఒకటి, ఈ రెండూ ముందు చేద్దామన్నాను. ఆపరేషన్స్ హెడ్, "మరి డ్యాష్‌బోర్డ్?" అన్నారు.

"అది ఇప్పుడు మీకు అక్కర్లేదండీ. ఆలస్యం అవుతోందని చూపిస్తుంది కానీ తగ్గించదు."

గొంతు వణికింది. ఆయన కాగితం వైపు చాలాసేపు చూసి, ఆస్పత్రి అమ్మాయి ఎన్నో అంతస్తు ఎక్కాలో అడిగారు. తర్వాత ఒప్పుకున్నారు. అమల్లోకి వచ్చాక నెల రోజులు ఆగి నేనే వెళ్లి మళ్లీ ఫైళ్లు లెక్కపెట్టుకుని వచ్చాను. రెండోసారి వెనక్కి వెళ్లేవి బాగా తగ్గాయి. కట్టాక వెళ్లి చూసుకోవడం అదే నాకు మొదటిసారి.

మూడేళ్లలో 60 యూనిట్ల వృత్తి అభివృద్ధి కార్యక్రమాలు చేస్తేనే సీబీఏపీ నిలబడుతుంది. 2027 వరకు నాకు గడువుంది. స్టడీ గ్రూప్‌లో పాఠం చెప్పడం కూడా అందులోకి వస్తుంది కాబట్టి ఇప్పుడు శనివారాలు నేనూ ఒక విభాగం తీసుకుంటున్నాను. యూనిట్ల కోసమే అయితే ఇంత తెల్లవారుజామున లేవను. తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న రోజు చివరి అరగంట తెలుగులోనే మాట్లాడుకుంటాం. ఇంగ్లిష్‌లో తడుముకునేవాళ్లు తెలుగులో ఎంత పదునుగా ఆలోచిస్తారో చూస్తే కడుపు నిండుతుంది.

కిందటి ఏడాది పాత టీమ్‌లో జూనియర్ ఒకతను ఫోన్ చేశాడు. "అక్కా, సీసీబీఏకి అప్లై చేస్తున్నాను, నువ్వు రిఫరెన్స్ ఇవ్వాలి" అన్నాడు. దానికి గత ఏడేళ్లలో 3,750 గంటలు కావాలి. అతను పంపిన షీట్‌లో 5,200 ఉన్నాయి. అతని ప్రాజెక్టులు రెండు నాకు తెలుసు. అందులో ఒకదానిలో అతను చేసింది చాలావరకు టెస్టింగ్. కాదనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది, మూడు వారాలు తిప్పిన ఆ మేనేజర్ గుర్తొచ్చారు. తిప్పకూడదనుకున్నాను. ఆ రాత్రే ఫోన్ చేసి, "ఈ షీట్ మీద సంతకం పెట్టలేను తమ్ముడూ. పెట్టగలిగే షీట్ చేయడానికి మాత్రం ఎన్ని రోజులైనా నీతో కూర్చుంటాను" అన్నాను. కోపం వచ్చింది అతనికి. రెండు వారాలు మాట్లాడలేదు.

తర్వాత ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని ఇంటికే వచ్చాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్కో ప్రాజెక్టే గీసి కొట్టేసుకుంటూ వచ్చాం. 3,300 దగ్గర ఆగింది. షీట్ మూసేసి, కాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుని, "ఈ స్ట్రాటజీ కాలమ్ ఇంత ఖాళీగా ఉందేంటక్కా నాది?" అన్నాడు.

ఐదు నెలల తర్వాత కొత్త షీట్ పంపాడు. 3,910 గంటలు. ఒక్కో వరుస పక్కన ఏ మెయిల్ చూసి రాశాడో తేదీతో సహా ఉంది. ఆ రోజే సంతకం పెట్టాను.